చేతివాటం గాళ్ళతో వేగేదెలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

షాపుల్లో జరిగే చిన్నాచితకా దొంగతనాల గురించి ఏమైనా అడగాలనుంటే రాయండి అన్నాం గానీ ఇంతమంది రాస్తారని అనుకోలేదు. ఓనర్లు రాశారు, సేల్స్‌లో పనిచేసేవాళ్ళు రాశారు, ఇంట్లో మనిషి దొరికిపోయి తలెత్తుకోలేకపోతున్నాం అని రాసినవాళ్ళూ ఉన్నారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాం. పేర్లు వేయట్లేదు, ఎందుకో మీకే తెలుసు.

ప్రశ్న: మాది సెల్ఫ్ సర్వీస్ స్టోర్ సార్. సీసీ కెమెరాలు పెట్టించాను, అయినా స్టాక్ చూసుకున్న ప్రతిసారీ తేడా వస్తూనే ఉంది. ఇంకా ఎన్ని కెమెరాలు పెట్టాలి?

ఇంక ఒక్కటి కూడా వద్దండీ. ఉన్నవాటి ముందు కూర్చుని ఎవరైనా చూస్తున్నారా, ముందు అది చెప్పండి. చాలా షాపుల్లో కెమెరా అంటే సరుకు పోయాక వెనక్కి తిప్పి చూసుకుని బాధపడటానికి పనికొచ్చే వస్తువు అయిపోయింది. రోజూ వచ్చి చేతివాటం చూపించేవాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు.

ఇంకోటి, ఆ తేడా మొత్తం దొంగతనమే అని ఎలా అనుకున్నారు? సరుకు తరుగు నాలుగు దారుల్లో జరుగుతుంది. బయటివాళ్ళు ఎత్తుకుపోవడం, లోపలివాళ్ళు ఎత్తుకుపోవడం, సప్లయర్ తక్కువ దింపి బిల్లు పూర్తిగా వేయడం, చివరగా మన లెక్కల్లో తప్పులు. పగిలింది పక్కన పడేసి ఎంట్రీ చేయకపోవడం, రెండు రంగుల వస్తువులు ఒకే కోడ్ మీద కొట్టేయడం, వాపసు వచ్చింది రాయకపోవడం, ఇవన్నీ ఏడాది చివర్లో దొంగతనంలాగే కనిపిస్తాయి. ఏడాదికోసారి షాపంతా లెక్కపెడితే పోయిందని తెలుస్తుందే తప్ప ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో తెలీదు. అందుకని ఎక్కువ పోతున్న ఓ ఇరవై ముప్పై రకాలు ఎంచుకుని వాటిని మాత్రం వారం వారం లెక్కపెట్టండి. రెండు నెలలు చేస్తే చాలు, ఏ వారంలో పోతోంది, ఏ మూల పోతోంది, అప్పుడు డ్యూటీలో ఎవరున్నారు, ఆ వారం లోడ్ దిగిందా లేదా అన్నీ బయటపడతాయి. అప్పుడు కెమెరా ఎటు తిప్పాలో కూడా తెలుస్తుంది.

దొంగలు అన్నీ ఎత్తుకుపోరు. 1999లో రొనాల్డ్ క్లార్క్ అనే నేరశాస్త్రవేత్త ఎక్కువగా దొంగతనానికి గురయ్యే వస్తువుల లక్షణాలు ఆరు చెప్పాడు: సులువుగా దాచగలగాలి, మోసుకుపోగలగాలి, చేతికి అందుబాటులో ఉండాలి, విలువుండాలి, వాడుకుంటే బాగుండాలి, తిరిగి అమ్ముకోవడం తేలికవ్వాలి. రేజర్ బ్లేడ్లు, పెర్ఫ్యూములు, బ్యాటరీలు, మేకప్ సామాను, ఫోన్ యాక్సెసరీలు చూడండి, ఆరూ సరిపోతాయి. అలాంటివి మీ షాపులో గుమ్మం పక్కనో, ఎవరూ ఉండని చివరి వరసలోనో ఉన్నాయంటే తప్పు కెమెరాది కాదు. వాటిని బిల్లింగ్ వాళ్ళకి కనిపించే చోటికి మార్చండి, రాక్‌లో రెండు మూడు పీసులే ముందు పెట్టండి, మిగతావి లోపలుంచండి. మరీ ఖరీదైనవైతే ఖాళీ డబ్బా రాక్‌లో పెట్టి అసలు వస్తువు కౌంటర్ దగ్గర ఇవ్వొచ్చు. అన్నిటికీ తాళాలేస్తే మాత్రం కొనేవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోతారు, నేను చూసినంతలో అద్దాల బీరువాలో బంధించిన వస్తువు దొంగకీ దొరకదు, కస్టమర్‌కీ అమ్ముడుపోదు.

అసలు కస్టమరే లోపలికొచ్చి తనకి కావలసింది తనే తీసుకునే పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పెట్టిన పిగ్లీ విగ్లీతో పేరు తెచ్చుకుంది. ఆయన ఆ రోజుల్లోనే లోపలికి ఒక దారి పెట్టి, అక్కడ్నించి షాపంతా తిరిగి చివరికి డబ్బు కట్టే చోటు దాటితేనే బయటపడేలా కట్టాడు. సరుకు చేతికిచ్చినప్పుడు దారి మన చేతిలో ఉంచుకోవాలని ఆయనకి మొదట్లోనే తెలుసు. మీ షాపులో బిల్లింగ్ దాటకుండా బయటికెళ్ళే సందు ఎక్కడైనా ఉందేమో ఒకసారి కస్టమర్‌లా నడిచి చూసుకోండి. రాక్‌లు మనిషి ఎత్తు కంటే తక్కువుంటే కంటికి కనిపించని మూలలు సగం వాటంతటవే పోతాయి, మిగిలిన మూలల్లో గుండ్రటి అద్దం పెట్టండి.

ఇన్ని చెప్పాను గానీ వీటన్నిటికంటే పనిచేసేది ఖర్చు లేనిది ఒకటుంది, లోపలికొచ్చిన ప్రతి మనిషినీ కళ్ళలోకి చూసి పలకరించడం. రండి, ఏం కావాలండీ, అంతే. కొనడానికొచ్చినవాడికి మర్యాదగా ఉంటుంది, వేరే పని మీద వచ్చినవాడికి నన్ను చూశారు అని అర్థమవుతుంది. పోయిన సరుకు విలువ తక్కువ అనుకోకండి, అమ్మకంలో పది శాతం మిగిలే వస్తువు ఒకటి పోతే, అలాంటివే ఇంకో తొమ్మిది అమ్మితే గానీ పోయినదాని పెట్టుబడి వెనక్కి రాదు. ఆ లెక్కన పలకరించడానికి ఒక మనిషిని పెట్టుకోవడం దండగేం కాదు.

ప్రశ్న: బట్టల షాపు మాది. ట్రయల్ రూమ్‌లోకి ఐదు తీసుకెళ్ళి నాలుగు బయటికి తెస్తున్నారు. రూమ్ తీసేద్దామా?

తీసేస్తే అమ్మకాలు పడిపోతాయమ్మా, వేసుకుని చూసుకున్నవాళ్ళే ఎక్కువ కొంటారు. లోపలికి వెళ్ళేటప్పుడు ఎన్ని పీసులో ఆ నంబరున్న టోకెన్ ఇవ్వండి, బయటికొచ్చాక టోకెన్, బట్టలు కలిపి తీసుకోండి. దీనికి అక్కడ ఒక మనిషి ఉండాలి, టోకెన్ డబ్బా ఒక్కటే పెడితే లాభం లేదు. ఆ మనిషి ఊరికే నిలబడకుండా, సైజు సరిపోయిందా అండీ, ఇంకో రంగు తెమ్మంటారా అని అడుగుతూ ఉంటే అమ్మకమూ పెరుగుతుంది, కాపలా అన్న ఫీలింగూ రాదు. ఒక్కో మనిషి వచ్చి వెళ్ళాక రూమ్ లోపల చూడండి, ఖాళీ హ్యాంగర్లు, తెంపేసిన ట్యాగులు, అద్దం వెనక దోపిన స్టిక్కర్లు దొరికితే టైమ్ రాసుకోండి. రూమ్ లోపల కెమెరా పెట్టాలన్న ఆలోచన మాత్రం పొరపాటున కూడా రానివ్వకండి, అది దొంగతనం కంటే పెద్ద నేరం.

ప్రశ్న: "దొంగతనం చేస్తే పోలీసులకి అప్పగిస్తాం" అని బోర్డు పెడితే ఏమన్నా ఉపయోగం ఉంటుందా?

కొంత ఉంటుంది, పెట్టిన చోట మాత్రమే. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ యూనివర్సిటీలో సైకిళ్ళ స్టాండ్ల దగ్గర మనల్నే చూస్తున్నట్టుండే రెండు కళ్ళ బొమ్మతో, దొంగల్లారా మిమ్మల్ని గమనిస్తున్నాం అని బోర్డులు పెట్టి చూశారు, 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బోర్డులున్న చోట దొంగతనాలు 62 శాతం తగ్గాయి, బోర్డులు లేని స్టాండ్ల దగ్గర ఇంచుమించు అంతే పెరిగాయి. అంటే గుమ్మం మీద పెద్ద బోర్డు పెట్టి వచ్చినవాళ్ళందర్నీ బెదరగొట్టే బదులు, పోతున్న రాక్ దగ్గరే చిన్నది పెట్టండి. పక్క రాక్ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

ప్రశ్న: నేను సేల్స్ గర్ల్‌ని సార్. నా సెక్షన్‌లో ఏది పోయినా జీతంలో కోస్తామని ఓనర్ అన్నారు. మొన్న ఒకామె బ్యాగులో ఏదో వేసుకున్నట్టు కనిపించింది, భయమేసి ఊరుకున్నాను. అలాంటప్పుడు ఏం చేయాలి?

ఊరుకుని మంచి పని చేశావమ్మా. "వేసుకున్నట్టు కనిపించింది" అన్నావు కదా, అక్కడే ఉంది చిక్కంతా. ఒక మనిషిని ఆపాలంటే ఆ వస్తువు మన రాక్‌లోంచి తీయడం కళ్ళారా చూడాలి, దాచుకోవడం చూడాలి, ఆ తర్వాత ఒక్క క్షణం కూడా చూపు తిప్పకుండా ఉండాలి, డబ్బు కట్టకుండా బిల్లింగ్ దాటి వెళ్ళాలి. మధ్యలో ఏ ఒక్కటి తప్పిపోయినా వదిలేయాలి. నువ్వు అటు తిరిగినప్పుడు ఆమె మనసు మార్చుకుని ఏ మూలో పెట్టేసి ఉండొచ్చు, అది మొదట్నించీ ఆమెదే అయ్యుండొచ్చు. ఆపి, బ్యాగు విప్పించి, ఏమీ దొరక్కపోతే నీ పరిస్థితి ఏంటి, షాపు పరిస్థితి ఏంటి?

అయితే చేతులు కట్టుకుని నిలబడమనట్లేదు. అనుమానం వచ్చిన నిమిషంలోనే దగ్గరికి వెళ్ళు. అక్కా బాస్కెట్ తెమ్మంటారా, దీనికి మ్యాచింగ్ ఇంకోటి వచ్చింది చూస్తారా, చేతిలోవి కౌంటర్‌లో పెట్టేయనా, ఇలా. గొంతులో వెటకారం ఉండకూడదు, నిజంగా సాయం చేస్తున్నట్టే ఉండాలి. చాలామంది అక్కడికక్కడే బయటికి తీసి, అరె మర్చిపోయాను అనేస్తారు. అననీ. సరుకు రాక్‌లోకి వచ్చేసింది కదా, నీ పని అయిపోయింది. 1964లోనే మేరీ ఓవెన్ కామెరాన్ అనే పరిశోధకురాలు చెప్పిందేంటంటే, షాపుల్లో దొరికినవాళ్ళలో దొంగతనమే వృత్తిగా బతికేవాళ్ళు తక్కువ, తమని తాము దొంగలుగా అనుకోని మామూలు మనుషులే ఎక్కువ అని. అలాంటివాళ్ళకి బయటపడే దారి ఒకటి చూపిస్తే చాలు.

గుంపుగా వచ్చినా, తాగి ఉన్నా, చేతిలో ఏదైనా ఉన్నట్టు అనిపించినా ఈ పలకరింపులు కూడా వద్దు, పక్కకి తప్పుకో. పరిగెత్తితే వెనకాల పరిగెత్తొద్దు, చేయి పట్టుకోవద్దు, గుమ్మానికి అడ్డం నిలబడొద్దు. ఎలా ఉన్నారు, ఏం వేసుకున్నారు, ఏ వస్తువు, ఎటు వెళ్ళారు, టైమెంత, ఇవి వెంటనే రాసి మేనేజర్‌కి ఇవ్వు, చాలు.

ఇంక ఎవర్ని గమనించాలి అన్నదానికి ఒక మాట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు గానీ షాపులో ఆ సామెత తిరగబడుతుంది. మనం అదేపనిగా చూస్తే అమాయకులు కంగారుపడి భుజాలు తడుముకుంటారు, అలవాటైనవాడు చక్కగా నవ్వుతాడు. బట్టలు, రంగు, చెప్పులు చూసి వెంటపడే షాపులున్నాయి, అది మనిషిని అవమానించడం సరే, వ్యాపారానికి కూడా తెలివితక్కువ పని, అందరూ ఆ పేదాయన వెనకాల తిరుగుతుంటే టిప్‌టాప్‌గా వచ్చినవాడు తీరిగ్గా సర్దుకుంటాడు. ప్రవర్తన చూడాలి. కళ్ళు సరుకు మీద కాకుండా స్టాఫ్ మీదా కెమెరా మీదా తిరగడం, సైజు గానీ రేటు గానీ చూడకుండా గబగబా తీయడం, ఇద్దరొచ్చి ఒకరు నిన్ను మాటల్లో పెడితే ఇంకొకరు మూలకి జారుకోవడం, ఒకే రాక్ దగ్గరికి మళ్ళీమళ్ళీ రావడం. వీటిలో ఏదీ రుజువు కాదు, దగ్గరికెళ్ళి పలకరించడానికి కారణం మాత్రమే.

జీతం కోత సంగతి నీకు కాదు, ఈ పేజీ చదివే ఓనర్లకి చెప్తున్నా. పోయింది కోస్తాం అంటే స్టాఫ్ రెండు పనులు చేస్తారు, పోయిన విషయం దాచేస్తారు, లేదంటే జీతం కాపాడుకోవడానికి దొంగ మీదకి దూకి దెబ్బలు తింటారు. రెండూ మీకే నష్టం. పైగా చాలా చోట్ల అలా కోయడానికి చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న: బజ్ మనే గేటు పెడదామనుకుంటున్నాం, ఏ రకం తీసుకోవాలి? డబ్బు కట్టినవాళ్ళకి కూడా మోగుతుందంట, నిజమేనా?

నిజమే. 1960ల నాటి ఐడియా ఇది, వస్తువుకి తగిలించిన ట్యాగ్‌కీ గేటుకీ మధ్య సిగ్నల్ కుదిరితే మోగుతుంది. ఎక్కువ కనిపించేవి రెండు రకాలు. 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రేడియో రకానికి పల్చటి స్టిక్కర్లుంటాయి, చవక, చిన్న చిన్న వస్తువులు వేలల్లో ఉంటే ఇది బావుంటుంది, కాకపోతే లోహం, రేకు కాగితం దగ్గర సరిగ్గా పట్టదు. 58 కిలోహెర్ట్జ్ రకం ట్యాగులు కాస్త లావు, ఖర్చూ ఎక్కువే, కానీ గుమ్మం వెడల్పుగా ఉన్నా, లోహం దగ్గర్లో ఉన్నా మెరుగ్గా పట్టుకుంటుంది. బట్టలకైతే గట్టి ట్యాగులు, బలవంతంగా లాగితే రంగు చిమ్మేవి కూడా ఉన్నాయి, పాడైన చొక్కా ఎవడికి అమ్ముతాడు?

గేటు మోగితే అది దొంగతనానికి రుజువు అనుకోవద్దు. కౌంటర్‌లో ట్యాగ్ తీయడం మర్చిపోవడమే చాలాసార్లు కారణం, వేరే షాపు ట్యాగ్ బ్యాగులో ఉండిపోయినా మోగుతుంది. అందుకని సెక్యూరిటీ అతనికి ఒక్క వాక్యం నేర్పించండి: "మావాళ్ళు ట్యాగ్ తీయడం మర్చిపోయినట్టున్నారండీ, ఒక్క నిమిషం చూడనిస్తారా?" తప్పు షాపు నెత్తిన వేసుకుని అడిగితే కట్టినవాడికి కోపం రాదు, కట్టనివాడు దొరక్కుండా పోడు. ఇంకో సంగతి, మోగిన ప్రతిసారీ వెళ్ళండి వెళ్ళండి అని చెయ్యూపే షాపులో ఆ గేటు గుమ్మానికి అలంకారమే.

ప్రశ్న: కాలేజీ కుర్రాడు ఇయర్‌ఫోన్స్ జేబులో వేసుకుని వెళ్తుంటే పట్టుకున్నాం. మావాళ్ళు రెండు తగిలించారు, తప్పు చేశానని రాయించుకున్నాం, ఫోటో కూడా తీశాం. ఇప్పుడు ఆ ఫోటో చుట్టుపక్కల షాపుల గ్రూప్‌లో పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?

పెట్టొద్దు, ఆ ఫోటో డిలీట్ చేసేయండి. మీరు రాసింది చదివితే కుర్రాడు చేసిన తప్పు ఒకటి, మీవాళ్ళు చేసినవి ఎక్కువ కనిపిస్తున్నాయి. కొట్టడం ఏ దేశంలోనైనా నేరమే. భయపెట్టి రాయించుకున్న కాగితం కోర్టులో మీకు పనికిరాకపోగా మీ మీదే పనికొస్తుంది. ఫోటో ఒకసారి గ్రూప్‌లోకి వెళ్ళాక మీ చేతిలో ఉండదు, ఊరంతా తిరుగుతుంది, ఆ వయసు పిల్లలు పరువు పోయిందని ఏ అఘాయిత్యానికైనా పాల్పడితే ఇయర్‌ఫోన్స్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మళ్ళీ ఇలాంటిది జరిగితే ఏం చేయాలో ఇప్పుడే తీరిగ్గా రాసి స్టాఫ్‌కి చెప్పి ఉంచండి, అప్పటికప్పుడు ఆలోచిస్తే ఆవేశమే వస్తుంది. అన్నీ కళ్ళారా చూశారు, బిల్లింగ్ దాటాడు అనుకుందాం. ఇద్దరు వెళ్ళండి, నెమ్మదిగా, "నేను ఇక్కడ పనిచేస్తాను, బిల్లు వేయని వస్తువు ఒకటి మీ దగ్గరుందనుకుంటున్నాం, లోపలికొచ్చి మాట్లాడదామా" అనండి. దొంగ అన్న మాట వాడొద్దు, పదిమందిలో అసలే వద్దు. లోపల కూర్చోబెట్టినప్పుడు తలుపు వేయొద్దు, ఆడవాళ్ళయితే మన ఆడ స్టాఫ్ ఒకరు తప్పకుండా ఉండాలి. జేబులూ బ్యాగులూ మీరు వెతకొద్దు, ఉన్నది టేబుల్ మీద పెట్టమని అడగండి, పెట్టనంటే పోలీసులు వచ్చి చూసుకుంటారు. చాలా దేశాల్లో సరైన కారణం ఉంటే పోలీసులు వచ్చేదాకా కాసేపు ఆపి ఉంచే వీలు షాపువాళ్ళకి ఉంది, కానీ ఎంతసేపు, ఏ పరిస్థితుల్లో అన్నది చోటుని బట్టి మారుతుంది, మీ ఊళ్ళో లాయర్‌ని ఒక్కసారి కూర్చుని అడిగి రాసుకోండి. మైనర్ అయితే ముందు తల్లిదండ్రులకి ఫోన్.

పదింతలు కట్టు, లేకపోతే పోలీసుల్ని పిలుస్తా అనడం కొన్ని షాపుల్లో రివాజు. అది బెదిరించి డబ్బు గుంజడం కిందకి వస్తుంది. వదిలేయాలనుకుంటే వస్తువు తీసుకుని, మళ్ళీ మా షాపుకి రావద్దు అని చెప్పి వదిలేయండి, కేసు పెట్టాలనుకుంటే పోలీసులకి అప్పగించండి. మొదటిసారి దొరికిన పిల్లలకి నేనైతే మొదటిదే చేస్తాను, అదే మనిషి నాలుగోసారి, సంచీకి లోపల రేకు కుట్టించుకుని వచ్చినవాడైతే రెండోది. ఏది చేసినా ఆ రోజే ఫుటేజ్ కాపీ తీసి పక్కన పెట్టండి, రికార్డర్ నిండగానే పాతది చెరిపేసుకుంటూ పోతుంది, తర్వాత వెతికితే ఉండదు.

ప్రశ్న: మా మావయ్యగారు రిటైరయ్యారు, డబ్బుకి లోటు లేదు. షాపుకెళ్తే ఏదో ఒకటి జేబులో వేసుకొచ్చేస్తున్నారు. రెండుసార్లు పట్టుకున్నారు. ఇంట్లో చచ్చిపోయినంత పనైంది. ఏం చేయాలి?

సిగ్గు పక్కన పెట్టి ముందు న్యూరాలజిస్ట్‌కి చూపించమ్మా. జీవితమంతా పద్ధతిగా ఉన్న మనిషి పెద్దవయసులో కొత్తగా ఇలా మొదలుపెట్టారంటే, మెదడు ముందు భాగాన్ని దెబ్బతీసే ఒక రకం డిమెన్షియాలో ఇలాంటి ప్రవర్తన తొలి లక్షణాల్లో ఒకటిగా రావచ్చు, జ్ఞాపకశక్తి అప్పటికి బాగానే ఉండటంతో ఇంట్లోవాళ్ళకి జబ్బని తట్టదు. మాట తీరు మారడం, మొహమాటం పోవడం కూడా గమనించారేమో డాక్టర్‌కి చెప్పండి. మామూలు మతిమరుపుతో బిల్లు కట్టడం మర్చిపోయేవాళ్ళూ ఉంటారు. క్లెప్టోమేనియా అని అందరూ అనేస్తుంటారు గానీ అది అరుదు, అందులో అవసరం లేని వస్తువే తీయాలన్న ఒత్తిడి లోపల పెరిగిపోయి, తీశాక తేలికపడి, తర్వాత కుమిలిపోతారు, దానికీ కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి.

ఈలోగా ఆయన వెళ్ళే షాపుల ఓనర్లతో మీరే మాట్లాడండి. ఏదైనా తీసుకెళ్తే రాసి ఉంచండి, మేం కట్టేస్తాం అనండి, ఎక్కువమంది అర్థం చేసుకుంటారు. డాక్టర్ ఇచ్చిన కాగితం కాపీ ఒకటి ఆయన జేబులోనే ఉంచండి.

ప్రశ్న: బయటివాళ్ళ మీద అనుమానపడి అలిసిపోయాను, కౌంటర్‌లో కూర్చునే కుర్రాడి మీద డౌట్‌గా ఉంది. మూడేళ్ళుగా నమ్మకంగా ఉన్నవాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, బిల్లింగ్ రిపోర్ట్ పట్టిస్తుంది. అమ్మిన బిల్లుని తర్వాత క్యాన్సిల్ చేయడం, కస్టమర్ లేకుండానే వాపసు వచ్చినట్టు కొట్టడం, అమ్మకం లేకుండా గల్లా తెరవడం, ఈ మూడూ ఎవరి లాగిన్‌లో ఎన్నున్నాయో నెలకోసారి తీయండి. ఒకరివి మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువుంటే ఆ టైముల ఫుటేజ్ చూడండి. ఇంకో రకం కనిపెట్టడం కష్టం, స్నేహితులు వస్తే పది వస్తువులకి ఆరే స్కాన్ చేసి పంపేయడం. బిల్లులో ఉన్నవి, సంచీలో వెళ్తున్నవి పోల్చి చూస్తే తప్ప తెలీదు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే ముందు అది మార్చండి, లేకపోతే ఏ రిపోర్ట్ తీసినా ఎవరిదో తేలదు. క్యాన్సిల్‌కీ వాపసుకీ ఇంకొకరు ఓకే కొట్టాలన్న రూల్ ఈ కుర్రాడి ఒక్కడికే కాదు, మీ తమ్ముడు కూర్చున్నా వర్తించాలి. అనుమానం ఉందని అతనితో ఇప్పుడే అనకండి, రిపోర్ట్‌లో ఏమీ లేకపోతే మూడేళ్ళ మనిషిని ఉత్తపుణ్యానికి పోగొట్టుకుంటారు.